అమ్మకూడని శాంపిల్

నరసాపురంలో లేసు అల్లే ఇళ్లలో శాంపిల్ అమ్మరు. ఏజెంటు వచ్చినప్పుడు పెట్టెలోంచి తీసి చూపిస్తారు. ఆయన "ఇలాంటివి యాభై కావాలి" అంటాడు, శాంపిల్ మళ్లీ పెట్టెలోకి పోతుంది. ఆ తర్వాతే అల్లకం మొదలు. డిజైను కాగితం మీద ఉండదు కాబట్టి శాంపిల్‌నే మళ్లీ తీసి ముందు పెట్టుకుని, కన్నాలు లెక్కపెట్టుకుంటూ అల్లాలి. కోడలిగా వచ్చిన ఆరేళ్లలో నేను నేర్చుకున్న వ్యాపారం ఇంతే. అదే నా కొంప ముంచింది.

రెండువేల సంవత్సరం దాటాక మిషను లేసు బాగా వచ్చేసి, మా ఏజెంటు రావడం మానేశాడు. అత్తయ్యగారి దగ్గర అల్లే ఐదుగురు ఆడవాళ్లకీ పని లేకుండా పోయింది. ఇంటర్నెట్‌లో అమ్ముకునే వెబ్‌సైట్లు వచ్చాయనీ, ఎవరైనా సరుకు పెట్టొచ్చనీ స్టేషన్ రోడ్డులోని నెట్ సెంటరతను చెప్పాడు. డిగ్రీ చదివి తాలింపులు పెట్టుకుంటున్నానన్న ఉక్రోషం నాకు అప్పటికే పీకల దాకా ఉంది. "మీకు పని నేను తెస్తాను, చూస్తూ ఉండండి" అని ఆ ఐదుగురికీ గొప్పగా మాటిచ్చేశాను.

అత్తయ్యగారి పెట్టెలోని శాంపిల్ టేబుల్ క్లాత్‌కి ఫొటో తీయించి వెబ్‌సైట్లో పెట్టాను. నడుమ పెద్ద పువ్వు, చుట్టూ చిన్న పూలు, అంచు పొడుగునా నెమలికన్నుల వరస. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో అల్లింది. కొన్నాళ్లకి పూణేలో ఎవరో ఆవిడ దాన్ని కొన్నారు. నేను నెట్ సెంటర్లోనే చప్పట్లు కొట్టేశాను.

"నెల రోజుల్లో అల్లించి పంపేస్తామండి" అన్నాను.

అతను నా వంక వింతగా చూశాడు. "నెలేంటండీ? మూడు రోజుల్లో పోస్టులో వేసెయ్యాలి. ఫొటో పెట్టారంటే అది అమ్మకానికి ఉన్నట్టే కదండీ!"

"అది శాంపిలండీ."

"ఆవిడకేం తెలుస్తుందండీ? క్యాన్సిల్ చేస్తే మీ పేరు పక్కన మచ్చ పడిపోద్ది. కొత్తగా పెట్టినవాళ్లకి మొదటిదే అలా అయితే, ఇంకెవరూ మీ దగ్గర కొనరండి."

ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్యగారు తిడతారనుకున్నాను. తిట్టకపోయేసరికి ఇంకా భయమేసింది. పెట్టె తెరిచి, టేబుల్ క్లాత్ ఒళ్లో పరుచుకుని కూర్చున్నారు.

"శాంపిల్ పంపేస్తే చేతులు తెగ్గోసి ఇచ్చేసినట్టే అమ్మాయ్. నాకు చూపానడం లేదు. మళ్లీ ఇది నేను అల్లలేను."

నాకు ఏడుపొచ్చేసింది. "క్యాన్సిల్ చేసేస్తానండీ" అన్నాను.

"మరి ఆ ఐదుగురికీ ఏం చెప్తావ్?"



మర్నాడు పొద్దున్నే ఆవిడే ఆ ఐదుగురికీ కబురంపారు. అరుగు మీద చాప వేసి, మధ్యలో టేబుల్ క్లాత్ పరిచారు. "తలా ఒక భాగం చూసి, అలాంటి ముక్క అల్లుకోండర్రా. రేపు మధ్యాహ్నానికల్లా ఎవరిది వాళ్ల చేతికి వచ్చెయ్యాలి" అన్నారు. ఒకావిడ పెద్ద పువ్వు తీసుకుంది, ఒకావిడ చిన్న పువ్వు, ఒకావిడ పూలని కలిపే అతుకు. అంచు మహా చిక్కు కాబట్టి ఇద్దరు కూర్చున్నారు. నెమలికన్నుకి గొలుసు కుట్లు పదమూడని ఒకరు, కాదు పదిహేనని ఒకరు జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. అత్తయ్యగారు వేలితో తడిమి చూసి పద్నాలుగని తేల్చారు.

నేను కూలి సంగతి ఎత్తబోతే ఆ ఐదుగురూ "ముందు అన్నం సంగతి చూడండి వదినగారూ" అని నన్ను లోపలికి తోలేశారు. రెండు రోజులూ వాళ్లకి వండిపెట్టాను. తాలింపుల బతుకని ఏడ్చినదాన్ని, అప్పుడు మాత్రం ఆ తాలింపు పెట్టడమే భాగ్యమనుకున్నాను. నోరుజారి మాటిచ్చింది నేను. వేళ్లు నొప్పులు పుట్టేలా దాన్ని నిలబెట్టింది వాళ్లు.

పంపడానికి ఆ టేబుల్ క్లాత్‌నే కుంకుడు రసంలో జాడించి ఆరబెట్టాం. మూడో రోజు అత్తయ్యగారు కూడా నాతో పోస్టాఫీసుకొచ్చారు. కౌంటరు దాకా పొట్లం నా చేతికివ్వలేదు.

రెండు వారాలకి పూణే ఆవిడ వెబ్‌సైట్లో మంచి మార్కులేసి, ఒక ముక్క రాశారు. ఇంటికి పరిగెత్తుకొచ్చి అత్తయ్యగారికి చెప్పాను.

"అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉందని రాశారండీ!"

"ఫొటోలోదే కదే పిచ్చిమొహమా" అని పకపకా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది, తర్వాత కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

ఆ ఫొటో కిందే ఈసారి "అల్లడానికి నెల పడుతుంది" అని రాయించాను. అయినా ఇంకొకరు అడిగారు. ఐదుగురూ ఆ రోజు అల్లుకున్న ముక్కలు ఎవరివి వాళ్లు తెచ్చుకుని, మా అరుగు మీదే కూర్చుని అల్లారు. పూర్తయ్యాక అత్తయ్యగారి ఒళ్లో పెట్టాను. ఇది కొత్త శాంపిల్‌గా పెట్టెలో దాచి, పంపడానికి ఇంకోటి అల్లిద్దామని నా ఉద్దేశం. ఆవిడ నడిమి పువ్వు నుంచి అంచు దాకా వేళ్లతో నెమ్మదిగా తడిమారు.

"దాచక్కర్లేదమ్మాయ్" అని అరుగు మీది ఐదుగురి వైపూ తల తిప్పారు. "పంపించెయ్."