కుర్చీకీ నడుముకీ మధ్య

మాస్టారు పోయారని శుక్రవారం ఉదయం ఆయన భార్య, పిన్నిగారు, ఫోన్ చేసి చెప్పారు. నేను అప్పటికే కోచింగ్ సెంటరుకు వెళ్ళే ఆటోలో ఉన్నాను. "కాఫీ తాగారమ్మా, పేపరు పట్టుకుని కూర్చున్నారు, అంతే" అన్నారావిడ. రెండు వీధులు దాటాక ఆటో ఆపమన్నాను.

బ్రాడీపేటలో మా ఇంటి గోడకి ఆనుకున్న ఇల్లు వాళ్ళది. ఆయన పాలిటెక్నిక్‌లో యంత్రాల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత గోల్ఫ్ నేర్పారు. గుంటూరులో గోల్ఫేమిటని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లోనూ నవ్వుకున్నారు. పిడుగురాళ్ల దారిలో, మూతపడిన ఒక క్వారీ పక్కన, ఎప్పుడో ఆఫీసర్లు వేసుకున్న చిన్న మైదానం ఉంది. పచ్చిక తక్కువ, మట్టి ఎక్కువ. ఆదివారాలు కొందరు డాక్టర్లు, మిర్చి వ్యాపారులు అక్కడ ఆడతారు. పదిహేనేళ్ళుగా, ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నవాళ్ళు. మాస్టారు వాళ్ళకే నేర్పేవారు.

"కొత్తవాళ్ళకి ఎవరైనా నేర్పుతారమ్మా. పాతవాళ్ళకి తాము చేస్తున్నదేమిటో తామే చూసుకునేట్టు చేయడం కష్టం" అనేవారు.

ఆయన కళ్ళలో శుక్లాలు. ఆపరేషన్ వేసవి అయ్యాక చేయించుకుంటానని రెండు వేసవులు గడిపారు. గోల్ఫ్ కర్ర ఊపే తీరు, అంటే స్వింగ్ గురించిన ఇంగ్లీషు పుస్తకాలు నేను చదివి వినిపించేదాన్ని. అలా మొదలై, ఆదివారాలు ఆయన వెంట అద్దె కారులో మైదానానికి వెళ్ళడం అలవాటైంది. ఆటగాడు ఆ కర్ర, అదే క్లబ్, ఊపుతుంటే ఫోనులో వీడియో తీసి, నెమ్మదిగా నడిపి, ఏ క్షణంలో ఒళ్ళు ఎక్కడుందో చెప్పడం నా పని. తెర మీది బొమ్మ ఆయనకు ఆనేది కాదు. ఫోను అడ్డు ఉంటుంది కాబట్టి నాకూ బెరుకు తక్కువ.

మొదటిరోజు ఆయన ఎవరినీ బంతి ముట్టుకోనివ్వలేదు. పత్తి కుక్కిన గోతాన్ని నేల మీద నిలబెట్టి, దాన్ని కొట్టమన్నారు. గోతాన్ని తాకే క్షణంలో చేతులు, మణికట్లు ఎలా ఉన్నాయో చూడటానికి. ఆటగాళ్ళలో ఒకడైన కోల్డ్ స్టోరేజీ ఓనరు "గోతాలకేం కరువండీ మాకు" అని తనే తెచ్చాడు. అవి మిరపకాయల గోతాలని ఎవరికీ తట్టలేదు. ఓనరు కొట్టిన మొదటి దెబ్బకే లోపలి ఘాటంతా లేచింది. అందరూ తుమ్ములు, కళ్ళ నీళ్ళు.

"ఏందండీ మాస్టారూ, నేర్పుతారా, చంపుతారా?" అన్నాడు ఓనరు.

"దెబ్బ గట్టిగానే తగిలింది. అమ్మాయ్, రాసుకో" అన్నారు మాస్టారు, తనూ తుమ్ముతూనే.

ఆ తర్వాత వచ్చింది ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. పిల్లల డాక్టరుగారు కొడితే క్లబ్ బంతి పైభాగానికి తగిలి, అది నేల మీద పాకేది, లేకపోతే కుడికి కొట్టుకుపోయేది. తల ఎత్తుతున్నావని ఇరవై ఏళ్ళుగా అందరూ ఆయనకు చెబుతూ వచ్చారు. మాస్టారు ఒప్పుకోలేదు. "తల ఎత్తడం ఫలితం. కారణం నడుము. క్లబ్ కిందికి దిగేటప్పుడు నడుము బంతి వైపు జరుగుతోంది. చేతులకి చోటు చాలక ఒళ్ళు పైకి లేస్తోంది." డాక్టరుగారి వెనక కుర్చీ పెట్టి, నడుము కుర్చీ వీపుకి ఆనించి నిలబడమన్నారు. బంతి తగిలేదాకా ఆ ఆనిక తప్పకూడదు.

"తప్పలేదండీ! ఆనే ఉన్నాను, ఒట్టు" అన్నారు డాక్టరుగారు.

"ఏముందమ్మా?" అని మాస్టారు నన్నడిగారు.

"బాగాలేదండీ" అన్నాను.

"ఎలా ఉందో కాదు. ఏముందో చెప్పు. బాగుంది, బాగాలేదు అనేవాళ్ళు చూడటం మానేసినట్టే."

మళ్ళీ చూశాను. "కుర్చీకీ నడుముకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉందండీ."

డాక్టరుగారు ఫోను లాక్కుని చూసి, "ఓర్నీ!" అన్నారు. ఒక పెద్దమనిషికి ఎదురుగా నిలబడి తప్పు చెప్పడం నా జన్మలో అదే మొదలు. తిరిగి వస్తుంటే కారులో మాస్టారు అన్నారు. "మన ఒళ్ళు మనకి నిజం చెప్పదు. అందుకే కుర్చీ. కుర్చీ కూడా చాలదు. అందుకే నువ్వు."

నెలన్నరకి డాక్టరుగారి బంతి తిన్నగా లేచింది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ చొప్పున నోట్‌బుక్ నిండుతూ వచ్చింది. ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని.

ఈ మిరప కోతలప్పుడు ఒక ఆదివారం, అందరూ వెళ్ళిపోయాక, మాస్టారు కుర్చీ తనే తెచ్చుకుని వేసుకున్నారు. "ఈమధ్య నా బంతి కుడికి పోతోంది. నాది తియ్యమ్మా." చొక్కా లోపలికి దోపుకుని, నడుము కుర్చీకి ఆనించి నిలబడ్డారు. మూడు బంతులు కొట్టారు. మూడూ కుడికే పోయాయి.

వీడియో నెమ్మదిగా నడిపాను. క్లబ్ కిందికి దిగుతోంది. నడుము కుర్చీని వదిలేసింది. డాక్టరుగారి తప్పే, అచ్చంగా.

"ఏముంది?"

కళ్ళజోడు చేతిలో పట్టుకుని, మార్కుల కోసం ఎదురుచూసే పిల్లాడిలా నా వైపు చూస్తున్నారు.

"బాగుంది మాస్టారూ."

"కుర్చీ?"

"ఆనే ఉందండీ."

కాన్వెంటులో పన్నెండేళ్ళు చదివాను. టీచరు బోర్డు మీద లెక్క తప్పు చేస్తే, తల వంచుకుని ఆ తప్పే నోట్సులో ఎక్కించుకునేవాళ్ళం. డాక్టరుగారికి చెప్పగలిగానంటే మాస్టారు పక్కన ఉన్నారు కాబట్టి. మాస్టారికి చెప్పాల్సి వచ్చినప్పుడు నా పక్కన ఎవరూ లేరు.

ఆయన కాసేపు కుడివైపు, బంతులు పోయిన దిక్కు చూశారు. "అయితే సరే" అని కుర్చీ ఎత్తుకుని నడిచారు.

ఆ తర్వాత నేర్పడమే గాని, ఆయన క్లబ్ ఊపడం నేను చూడలేదు. కోల్డ్ స్టోరేజీ ఓనరు "మీరూ రెండు కొట్టండి మాస్టారూ, చూసి తరిస్తాం" అని ఆటపట్టిస్తే, "నాకు కుదరదులేవయ్యా" అని నవ్వేసేవారు. ప్రతి ఆదివారం కారులో ఆ ఒక్క వాక్యం లోలోపల కూర్చుకునేదాన్ని. మాస్టారూ, ఆరోజు సందు ఉందండీ. మైదానం వచ్చేది, దిగేవాళ్ళం. వచ్చేవారం చెబుదామనుకునేదాన్ని. అలా ఏడు ఆదివారాలు వెళ్ళాయి. ఎనిమిదోది ఆయనకు రాలేదు.

పదకొండోరోజు పిన్నిగారు నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. "ఇందులో నీ చేతిరాతే ఎక్కువమ్మా, నీ దగ్గరే ఉండనీ" అన్నారు. డాక్టరుగారు పక్కనే కూర్చుని ఉన్నారు. "ఇరవై ఏళ్ళు ఆడాక నన్ను మళ్ళీ ఒకటో క్లాసులో కూర్చోబెట్టారు. ఆయనకు ఎంత రుణపడ్డానో" అన్నారు. నేను పేజీలు తిప్పాను. చివరి పేజీ నా రాత కాదు. చూపు ఆనక పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటిపోయి ఉన్నాయి.

"నేను. బంతి కుడికి పోతోంది. స్వింగ్‌లో తప్పు లేదు. అమ్మాయి చూసింది. కాబట్టి వయసే. ఇక ఆపుదాం."

తప్పు ఉందని తెలిస్తే ఆయన ఎంత సంబరపడేవారో నాకు తెలుసు. తప్పంటే ఆయనకు దిద్దుకోగలిగినది. మర్నాడే కుర్చీ వరండాలో వేసుకుని, పిన్నిగారు కేకలేస్తున్నా వినకుండా, క్లబ్ లేకుండానే ఊపుతూ ఉండేవారు.

ఆ వీడియో నా ఫోనులో ఉంది. ఎప్పుడు చూసినా ఒక్కచోటే ఆపుతాను. క్లబ్ సగం దిగి ఉంటుంది. మాస్టారి చూపు బంతి మీదే ఉంటుంది. వెనక ఎర్ర కుర్చీ. కుర్చీకీ ఆయనకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. ఆ సందులోంచి, మైదానం అవతల, ఎండబోసిన మిరపకాయల కల్లం కనిపిస్తుంది.