నాలుగు పేజీల పేర్లు

మొన్న ఒకాయన కోహీర్ నుంచి నా మొదటి కథల పుస్తకం పట్టుకుని వచ్చాడు. అట్ట ఊడిపోయిన ఆ ప్రతిని చూడగానే, ఇన్నేళ్ళకు ఒక పాఠకుడు దొరికాడని ముచ్చటపడి టీ కూడా పెట్టించాను. ఆయన మూడో పేజీ తెరిచి, వాళ్ళ నాన్న పేరు ఫోనులో ఫొటో తీసుకుని, పుస్తకం బల్ల మీదే వదిలేసి లేచాడు. నాకు ఒళ్ళు మండింది.

డెబ్బయ్యల చివర జహీరాబాద్‌లో పంతులుగా ఉన్న రోజుల్లో, నా కథలు రెండు వారపత్రికలో రావడంతో నా ఖర్మ మొదలైంది. ఊళ్ళో బస్సు ఆపాలని అర్జీ రాయాలన్నా, బదిలీ అయిన అధికారికి సన్మానపత్రం రాయాలన్నా, చుట్టుపక్కల ఏ బడి వార్షికోత్సవంలో మాట్లాడాలన్నా నేనే, కాదంటే పొగరనేవారు. అందుకే గ్రంథాలయ కమిటీవాళ్ళు నా కథలు అచ్చు వేయిస్తామన్నప్పుడు, ఇన్నాళ్ళ చాకిరీకి ఫలం దక్కిందని పొంగిపోయాను.

నాకన్నా ఎక్కువ పొంగింది మా అమ్మ. అల్లం చేలల్లో కూలిచేసి నన్ను చదివించిన మనిషి. పుస్తకంలో చివరి కథ ఆమెదే. తనకు చదువు రాదు. రాతప్రతి చదివి వినిపిస్తే ఒక్కసారికే గుర్తుపెట్టుకుని, తనతో అల్లం తవ్విన ఝరాసంగం ఆడవాళ్ళందరికీ చెప్పుకుంది.

కథలు చాలావరకు కంపోజ్ అయ్యాక కమిటీ అధ్యక్షుడు పేర్ల జాబితా పట్టుకుని ఇంటికి వచ్చాడు. మా దగ్గర పెండ్లి కార్డు మీద పెద్దల పేర్లన్నీ వేయకపోతే చుట్టరికాలే తెగుతాయి. పుస్తకానికీ అదే పద్ధతి అనుకున్నారు. చందాలిచ్చినవాళ్ళవీ వాళ్ళ పెద్దలవీ కలిపి నాలుగు పేజీల పేర్లు, అవీ వరుస తప్పకుండా. శనివారం మధ్యాహ్నం బడి విడవగానే, చెరుకు లారీల వెనక ఈడ్చుకుంటూ పోయే బస్సులో హైదరాబాదు దాకా నిలబడి పోయి ప్రూఫులు తేవడం, ఆదివారం ఆయనకు చూపించడం.

“మా పెద్దనాయిన పేరు కిందికేసి నా పేరు మీదికేస్తరా సారూ? రేపు వాళ్ళింట్ల ఎట్ల కూసోవాలె నేను?”

మళ్ళీ బస్సు. మరో వారం ఇంకొకరి అలక, మళ్ళీ బస్సు. ఇది పుస్తకమా, పెండ్లి పత్రికా అని కంపోజిటర్ నా మొహం మీదే అడిగాడు.

అప్పట్లో పుస్తకం పదహారేసి పేజీల ఫారాల లెక్కన అచ్చయ్యేది. ఇంకో ఫారానికి కాగితం దొరకని కాలం, కాబట్టి పేర్లు ఎక్కాలంటే నాలుగు పేజీలు దిగాలి. ఇంకా కంపోజ్ కానిది చివరి కథ ఒక్కటే. రెండో పుస్తకంలో వేసుకోవచ్చులే అని, విసుగులో నేనే తీసెయ్యమన్నాను. కమిటీని ఎన్ని తిట్టుకున్నా ఆ మాట అన్నది నా నోరే.

ఆవిష్కరణ రోజున అమ్మ ఝరాసంగం ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చుంది. వేదిక మీద పేర్లు చదవడానికే సగం పొద్దు పోయింది. సభ ముగిశాక తన కథ ఎప్పుడు చదువుతావని అడిగింది. పేజీలు చాలలేదు, పట్టలేదమ్మా అన్నాను.

“గింతమంది పట్టిన్రు గని, నేనొక్కదాన్నే పట్టలేదా బిడ్డా?”

కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. రెండో పుస్తకంలో మొదటి కథ ఆమెదే, కానీ అది వచ్చేసరికి ఆమె లేదు.

ఇప్పుడు కంప్యూటర్లో ఎన్ని పేజీలైనా పడతాయి. కిందటేడు నా పుస్తకం వస్తే, నా పేరేదని అడిగినవాడు లేడు, వరుస తప్పిందని అలిగినవాడూ లేడు. ఆ తగవులమారి జనాన్ని తలచుకుంటే ఇప్పటికీ విసుగే. వాళ్ళు రాకపోతే మాత్రం దిగులుగా ఉంది. కోహీర్ ఆయన వదిలేసిన ప్రతి తీసి నాలుగు పేజీల పేర్లూ మళ్ళీ చదివాను. వాటిలోనూ అమ్మ పేరు లేదు. వేయమని ఆమె అడగలేదు, నాకూ తోచలేదు.