అక్క కలిపిన గ్లాసు, నేను దాచిన సంగతి

అక్క పోయిందన్న కబురు నాకు ఒక మేడ మీద అందింది. ఏసీ బయటి యూనిట్ విప్పి, ఫ్యాను రెక్కల మధ్య ఇరుక్కున్న ఇసుక దులుపుతున్నాను. ఆమెతో కలిసి పనిచేసే నర్సు ఫోన్ చేసి, "బ్రదర్, అక్క డ్యూటీలోనే కూలిపోయింది. తలలో నరం చిట్లిందంట. పావుగంట కూడా ఆగలేదు" అంది. నేను బ్రష్షు కింద పెట్టి కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన కోసమని అనుకోకండి. నా మనసులోకి ముందు వచ్చిన మాట, 'ఇంక ఆమె ఉండగా చెప్పే వీలు లేదు' అన్నది. మనిషి పోయిందంటే ముందు నా సంగతే గుర్తొచ్చింది. నా సిగ్గును అక్కడినుంచే రాయాలి.

ఈ పత్రిక చదివే మీలో చాలామందికి నేను గొంతుగానే తెలుసు. సౌదీలోని తాయిఫ్ ఊళ్ళో ఏసీ మెకానిక్‌ని. ఏ బైబిలు కాలేజీ గడపా తొక్కలేదు. ఒకప్పుడు తాగి కాలవగట్టున పడిపోయేవాణ్ణి. ప్రభువు లేపాడు, వాక్యం చేతికిచ్చాడు, పన్నెండేళ్ళుగా దాన్ని వదలలేదు. ఇక్కడ మేము పదిపన్నెండు మందిమి శుక్రవారం ఒక ఫ్లాటులో కూడుకుంటాం. అక్కడ నేను చెప్పేది ఎవరో ఒకరు ఫోన్‌లో రికార్డు చేస్తారు, అది మీ దాకా వస్తుంది. అలా వచ్చిన ప్రసంగాల్లో ఒకటుంది, సీసాల గురించి. మీరు వినే ఉంటారు. అది అక్క గురించి.

ఆమె నాకు సొంత అక్క కాదు. నరసాపురం వైపు మనిషి, ఇక్కడ పెద్దాసుపత్రిలో నర్సు. నేను వచ్చిన కొత్తలో, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కాగితాలు అందక నాలుగు నెలలు ఇరుక్కుపోతే, రోజూ అన్నం క్యారేజీ పంపింది. అడిగి పంపలేదు, చెప్పి పంపలేదు. ఖాళీ క్యారేజీ తిరిగిస్తూ వందనాలు చెబితే, "గిన్నె అడుగున కూర మాడ్చానా లేదా, అది చెప్పు ముందు" అనేది. ఏ పనికైనా ఆమె పద్ధతి అదే. పొగడ్త వినేది కాదు, లోపం అడిగేది.

ఆమె భర్తను నేను బావ అంటాను. ఓడల్లోనూ పెద్ద హోటళ్ళలోనూ బారు దగ్గర పానీయాలు కలిపిన మనిషి. కలపడంతో ఆగలేదు, లివరు పాడుచేసుకున్నాడు. మందు అమ్మని దేశమని అక్క ఆయన్ని ఫ్యామిలీ వీసా మీద తెచ్చుకుంది. దేశం మారినా సాయంత్రం ఐదింటి వేళ మారలేదు. ఆ వేళకి ఆయనకి చేతులు ఆడవు, మాట కరుకైపోతుంది, లేచి చెప్పులేసుకుంటాడు. ఇక్కడ అమ్మకానికి లేదు గానీ, వర్క్‌షాపుల వెనక ఎవరో దొంగతనంగా కాచే సరుకుంటుంది. అది తాగి కళ్ళు పోయినవాళ్ళని అక్క వార్డులో తన చేతులతో చూసుకుంది. బావని ఆ ఐదింటి వేళ దాటించడం, రోజూ, అదే ఆమె పోరాటం.

ఎలా దాటించిందో చెబుతాను. బావ దగ్గర పాత నోటు పుస్తకం ఒకటుండేది, ఏ కాక్‌టెయిల్‌లో ఏది ఎంత పోయాలో రాసుకున్నది. వేరొకరైతే దాన్ని పొయ్యిలో పెట్టేవారు. నేనైతే తప్పకుండా పెట్టేవాణ్ణి. అక్క దాన్ని తీసి వంటింటి అరలో పెట్టుకుని, విస్కీ ఉన్నచోట ఏం పోస్తే ఆ గొంతు మంట వస్తుంది, రమ్ము ఉన్నచోట ఏం పోస్తే ఆ బరువు వస్తుంది అని వెతకడం మొదలుపెట్టింది. తాయిఫ్ దానిమ్మలు, గులాబీ నీళ్ళు, చింతపండు, కాల్చిన దాల్చినచెక్క. ఎవరికీ గుచ్చని కొత్త సిరంజీతో కొలత. కడిగిన మాల్టు డ్రింకు సీసాల మీద ఆసుపత్రి ప్లాస్టరు అంటించి, పెన్నుతో 'రమ్ము-4', 'విస్కీ-7' అని రాసేది. ఆ అంకె ఎన్నోసారి ప్రయత్నించిందో దానికి గుర్తు.

"ఒకేసారి రెండు మార్చకూడదు తమ్ముడూ, ఏది పనిచేసిందో తెలీకుండా పోద్ది" అనేది. బావ ఒక గుటక వేసి పెదవి విరిస్తే, ఆ విరుపుని కూడా నోటు పుస్తకంలో రాసుకునేది. 'తీపి ఎక్కువ. వెనక మంట లేదు. మళ్ళీ.'

ఒక శుక్రవారం, కూడిక ముగిశాక, వాళ్ళింటికి వెళ్ళాను. వంటింటి గట్టు మీద ఆ సీసాల వరస చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. అక్క నవ్వి ఒక గ్లాసు అందించింది.

"రుచి చూసి చెప్పు. మీ బావ నాలుకని నమ్మలేకపోతున్నాను, ఏదిచ్చినా వంక పెడతాడు. ఆ రోజుల్లో తాగనిది లేదని సాక్ష్యంలో వారం వారం చెబుతావు కదా, నీకు తేడా తెలుస్తుంది."

ఎగతాళిగా అనలేదు. కూరలో ఉప్పు చూడమన్నట్టు అంది.

"ఏముంది ఇందులో?" అన్నాను.

వేళ్ళు మడుస్తూ చెప్పింది. "చిక్కగా కాచి చల్లార్చిన టీ డికాక్షను. ఖర్జూరపు పాకం. నిమ్మరసం. అల్లం, మిరియాలు నానేసిన నీళ్ళు. వెనిగరు రెండు చుక్కలు. పైన నురగ ఉంది చూడు, అది డబ్బా శనగల నీళ్ళు గిలక్కొట్టింది. అంతే."

"సీసా వాసన కూడా చూపించవే పాస్టరుగారికి" అన్నాడు బావ కుర్చీలోంచి. "లేకపోతే వచ్చే శుక్రవారానికి నా మీద ప్రసంగం కట్టేస్తాడు."

నేను గ్లాసు ఎత్తాను. ఒక్క గుటక చూడమంది ఆమె. గొంతులో మంట దిగింది, ఆ మంట వెనకాల కాలవగట్టు, ఆ రోజుల నా ఒళ్ళు, అన్నీ లేచి కూర్చున్నాయి. కళ్ళు తెరిచేసరికి గ్లాసు ఖాళీ. అంతే కాదు, ఖాళీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆమె వైపు చాచి ఉంది, ఇంకొంచెం పొయ్యమన్నట్టు.

బావ గట్టిగా నవ్వాడు. "ఏడో నంబరు పాసైందే. పాస్టరుగారు సర్టిఫికెట్ ఇచ్చేశాడు."

అక్క నవ్వలేదు. నా చేతి వైపు చూసి, గ్లాసు మెల్లిగా తీసేసుకుని, మంచినీళ్ళు ఇచ్చింది. వార్డులో ఎంతమంది చేతులు అలా చాచి ఉండగా చూసిందో. ఆ చూపులో నింద లేదు. నాకు అదే భరించరానిదైంది. పనుందని చెప్పి వచ్చేశాను.

తరువాతి శుక్రవారం గిన్నెలో తళతళలాడే ద్రాక్షారసం గురించిన వాక్యం తీశాను. నా గొంతు మీకు తెలుసు, ఆ రోజు దానికి ఇంకో రెండింతలు లేచింది. మన మధ్యే ఒక ఇంట్లో సీసాల మీద విస్కీ అని, రమ్ము అని రాసి పెట్టుకుని, సాయంత్రమయ్యేసరికి గ్లాసులు సర్దుకుంటున్నారని చెప్పాను. పేరు చెప్పలేదు. పన్నెండు మంది కూర్చున్న గదిలో పేరు చెప్పడమెందుకు? చెప్పిన ప్రతి ముక్కా నిజమే. సీసాల్లో ఉన్నది టీ, ఖర్జూరమూ అని మాత్రం చెప్పలేదు. అక్క నోటితో విని, నా నాలుకతో చూసి కూడా చెప్పలేదు. ఆ గ్లాసు అడుగు వరకూ తాగింది నేనేనని అసలే చెప్పలేదు. నా చెయ్యి చాచిన పాపానికి ఆమె వంటింటిని శిక్షించాను.

బైబిల్లో గుడి గుమ్మం దగ్గర కూర్చున్న ఒక ముసలి యాజకుడి సంగతి మీకు తెలుసు. పెదవులు కదుపుతూ ప్రార్థిస్తున్న ఆడమనిషిని చూసి తాగి వచ్చిందనుకున్నాడు. కానీ ఆమె జవాబు విన్నాక ఆయన అక్కడికక్కడే మాట మార్చుకుని దీవించి పంపాడు. నేను జవాబు ముందే విని, ఆ తరవాత నింద వేశాను. ఆ కథ మీద ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఎప్పుడూ ఆ ముసలాయన్నే తిట్టాను.

బావ మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. అక్క పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆఖరి ప్రార్థన దాకా కూర్చుంది.

రికార్డు ఎప్పట్లాగే గ్రూపుల్లోకి వెళ్ళింది. వారం తిరక్కుండా ఊళ్ళో ఆమె అత్తగారి సంఘానికి చేరింది. ముసలావిడ ఫోన్ చేసి, "ఆ దేశం తీసుకెళ్ళి నువ్వే పోస్తన్నావంటగదే నా కొడుక్కి" అని అడిగిందట. అక్క ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. సీసాలన్నీ సింకులో ఒంపేసి, ప్లాస్టర్లు పీకేసింది.

మూడు వారాలు బావ ఓర్చుకున్నాడు. నాలుగో వారం ఐదింటికి నడకకని వెళ్ళాడు. మర్నాడు పొద్దున ఎండ కాస్తుండగా, "కిటికీకి మంచు పట్టిందేంటే ఇంత" అన్నాడు. ఆ ఒక్క మాటతో అక్కకి అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన్ని ఆసుపత్రికి లాక్కుపోయింది. ప్రాణం దక్కింది, చూపు సగం వచ్చింది. మిగతా సగం రాలేదు.

నేను ఆసుపత్రి వరండాలో ఆమెను పట్టుకుని, "అక్కా, నన్ను క్షమించు" అన్నాను. యూనిఫారంలో ఉంది, చేతిలో ఎవరిదో చార్టు.

"నాకు చెబుతావేంటి తమ్ముడూ? ఆ మాట నాతో అనలేదుగా నువ్వు. ఎక్కడ అన్నావో అక్కడే దిద్దు" అంది. ఆగి, "మీ బావ చూపు నీ ఖాతాలో వెయ్యను. ఆయన కాళ్ళతోటే ఆయన వెళ్ళాడు. గానీ మా అత్తగారు నన్ను అనుకుంటున్నది మాత్రం నువ్వు పెట్టిందే" అంది.

వచ్చే శుక్రవారం దిద్దుతానన్నాను. తల ఊపింది.

ఆ శుక్రవారం రావడమూ అయింది, పోవడమూ అయింది. ఏడాది మీద మూడు నెలలు గడిచాయి. నిజం చెప్పాలంటే చాచిన చెయ్యి గురించి చెప్పాలి. పన్నెండేళ్ళ సాక్ష్యం అంతా ఆ చేతి దగ్గర ఆగిపోతుందని భయం. ఒక వారం కొత్తవాళ్ళు వచ్చారనీ, ఒక వారం సమయం చాలలేదనీ నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్ళి సోదరుడితో సమాధానపడమన్న ఆజ్ఞ మీద ఆ మధ్యకాలంలో మూడుసార్లు ప్రసంగించాను. మూడుసార్లూ అక్క ఎదురుగానే కూర్చుని విన్నది. ఒకసారి మాత్రం మెట్ల దగ్గర, "నీకు చెప్పడం వచ్చు తమ్ముడూ" అంది. పోరాటం మాత్రం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. బావ ఇప్పుడు నోటు పుస్తకం చదవలేడు కనక, ఆయన చెబుతుంటే ఆమె కలిపేది. ఈసారి సీసాల మీద ఏమీ రాయలేదని తరవాత విన్నాను. అది నా పుణ్యమే.

పార్థివ శరీరం పంపే కాగితాలు నడుస్తుండగా, మా ఫ్లాటులో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. నేను లేచాను. గ్రంథం తెరవలేదు. టీ డికాక్షను, ఖర్జూరపు పాకం, నిమ్మరసం, అల్లం మిరియాల నీళ్ళు, వెనిగరు, శనగల నీళ్ళు, ఆమె చెప్పిన వరసలోనే చెప్పాను. ఆ గ్లాసు తాగేసి ఇంకొకటి అడిగింది నేనని చెప్పాను. ఆ శుక్రవారం ఈ సంగతి దాచి నిలబడ్డానని చెప్పాను. నా గొంతు వెనక వరసకి వినపడలేదట.

ఎవరూ ఆమెన్ అనలేదు. ఫోన్ చేసిన ఆ నర్సే, తల ఎత్తకుండా అంది, "ఇంతేనా బ్రదర్? ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది."

బావ వీసా అక్క ఇకామా మీద ఉన్నది. ఆమె లేకపోతే ఆయనకీ ఇక్కడ చోటు లేదు. తిరిగి రావడానికి వీల్లేని ఫైనల్ ఎగ్జిట్ మీద ఆమెతోనే వెళ్ళిపోయాడు. ఇది రాయవచ్చా అని ముందే అడిగాను. "రాయి. ఆ రికార్డు ఎంతదూరం పోయిందో ఇదీ అంతదూరం పోవాలి. అరవకుండా రాయి" అన్నాడు. నరసాపురం దగ్గర ఆ సంఘంలో ఎవరైనా ఇది చదివితే, చదువురాని ఆ ముసలావిడ పక్కన కూర్చుని పైకి చదివి వినిపించండి. మీ కోడలు మీ కొడుక్కి ఏనాడూ మందు పొయ్యలేదమ్మా. పొయ్యకుండా ఉండటానికే అంత కష్టపడింది.

ఆ జ్ఞాపకార్థ కూడిక రోజున, అంతా ముగిశాక అందరూ కుర్చీలు మడిచి వెళ్ళిపోయారు. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మా మెట్లకి కిటికీ లేదు, పగలు కూడా చీకటే. ఆయన చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి నా భుజం మీద పడింది. క్షమించాడని అనుకోలేదు. దిగడానికి ఇంకో మనిషి లేడు, అంతే. "ఎన్ని మెట్లు?" అన్నాడు. "పద్దెనిమిది, మలుపు, మళ్ళీ పద్దెనిమిది" అన్నాను. ఒక్కొక్కటే పైకి లెక్కపెడుతూ దిగాం. మలుపు దగ్గర ఆయన వేళ్ళు నా భుజంలోకి దిగాయి. నేను కదలకుండా నిలబడ్డాను, ఆయన కాలు తర్వాతి మెట్టును వెతికి పట్టుకునేదాకా.