కొండాపూర్ సీతాబాయి అభిప్రాయం

సీతాబాయికి నిజం పిల్లులంటే ఒళ్లు మంట. పెరుగు అమ్ముకునే మనిషికి పిల్లి చుట్టమెలా అవుతుంది? కొండాపూర్‌లో తన ఇంటి చుట్టుపక్కల పిల్లి కనబడితే చీపురు అందుకునేది. అలాంటి మనిషి పుస్తకంలోని రెండు పిల్లుల కోసం మూడేళ్లు మా అరుగు మీద కూర్చుంది. ఆమె గురించి రాయాలంటే నేను చేసిన తప్పు కూడా రాయాలి. అది దాచి ఆమెను మాత్రం పొగడడం నాకు చేతకాదు.

1971లో మేం శేరిలింగంపల్లి స్టేషను దగ్గర ఒక ఇంట్లో కిరాయికి దిగాం. మా ఆయన సోమేశ్వరరావు గారు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో గుమస్తా. పొద్దున్నే డబ్బా పట్టుకుని రైలెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. మాది గుడివాడ. తెలుగంటే మా వైపు తెలుగే అనే పొగరు నాకు దండిగా ఉండేది. ఇక్కడి వాళ్లు ‘ఏంది’ అంటే లోపలికి వెళ్లి నవ్వుకునేదాన్ని.

సీతాబాయి నెత్తిన పెరుగు కుండతో కొండాపూర్ నుంచి నడిచి వచ్చేది. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. కుండ ఖాళీ అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది, ఎండ తగ్గేదాకా మా అరుగు మీద నడుం వాల్చేది. ఒకరోజు నేను పుస్తకం చదువుకుంటూ నవ్వుకోవడం చూసి లేచి కూర్చుంది.

“ఏమున్నది చెల్లె గండ్ల? ఒక్కదానివే నవ్వుతున్నవు. జర గట్టిగ సదువు, నేను గూడ ఇంట.”

అది బెజవాడ నుంచి నెలకొకటి వచ్చే చిన్న డిటెక్టివ్ నవల. అప్పటికే ఐదేళ్లుగా వస్తోంది. అన్నిటిలోనూ ఉద్యోగం మానేసిన ఒక పంతులమ్మే డిటెక్టివ్. ఆమెకు రెండు పిల్లులు, ఎర్రది గుమ్మడి, నల్లది తారు. ఊళ్లో నగ పోయినా మనిషి పోయినా ఆ పిల్లులు ఎక్కడ మూతి పెడితే పంతులమ్మ అక్కడ చెయ్యి పెట్టేది, దొంగ దొరికిపోయేవాడు. రక్తాలు, తుపాకులు ఉండవు. చివర నాలుగు పేజీలు పాఠకుల అభిప్రాయాలు. నిజం చెప్పాలంటే నాకు కథకన్నా ఆ నాలుగు పేజీలే ఇష్టం. అమలాపురం నుంచి విశ్వేశ్వరరావు అనే రిటైరైన తాసిల్దారు, పిల్లికి అంత తెలివి ఉండదనీ, ఇది పిల్లకాయల సరుకనీ, ఇకమీదట కొననే కొననని రాసేవాడు. మళ్లీ నెల అందరికన్నా ముందు ఆయన ఉత్తరమే ఉండేది. నరసాపురం నుంచి ఒకావిడ తారుకు ఎలాగైనా ఒక జత చూడమని బతిమాలేది.

అవి విని సీతాబాయి తన మాట కూడా చెప్పింది.

“ఐదేండ్ల సంది గా పిల్లులు పాలు తాగుతనే ఉన్నయ్. పాలు పోసేటామె పేరు ఒక్కపారన్న రాసిండ్రా? పొద్దుగాల అందరిండ్లకు పొయ్యేది గామెనే. ఎవలింట్ల ఏమైందో పంతులమ్మకన్న ముందు గామెకే ఎరుక.”

నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వాల్సిన మాట కాదనిపించింది. కార్డు మీద రాసి, కింద ‘సీతాబాయి, కొండాపూర్’ అని పెట్టి పోస్టు చేశాను. ఆమె మాటల్ని దిద్ది రాశాను. ‘సంది’ తీసి ‘నుంచి’ అన్నాను, ‘ఎరుక’ తీసి ‘తెలుసు’ అన్నాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఉత్తరం అచ్చయింది. మూడు నెలల తర్వాత వచ్చిన నవలలో వీరలక్ష్మి అని పాలామె కూడా వచ్చింది. దొంగ ఎవరో ఆమే ముందు పసిగట్టింది. ఆ పేజీ సీతాబాయి నా చేత మూడుసార్లు చదివించుకుంది. మర్నాడు నా గిన్నెలో అడగకుండానే ఇంకో గరిటె పెరుగు వేసింది. పిల్లికి కూడా బిచ్చం పెట్టదని ఊరంతా అనే మనిషి.

అప్పటినుంచి నెలకో ఉత్తరం. తాసిల్దారు గారు ‘కొండాపూర్ సోదరి’ అని ఆమెతో వాదానికి దిగేవాడు, ఆమె ఇక్కడినుంచి గట్టిగా జవాబిచ్చేది. చదువు రాకపోయినా అచ్చులో తన పేరు ఎలా ఉంటుందో గుర్తుపట్టడం నేర్చుకుంది. పుస్తకం రాగానే వెనకనుంచి తిప్పి వెతికి, వేలు పెట్టి నాకు చూపించేది. ఊళ్లో ఆమెను అంతా ‘పెరుగామె’ అనేవాళ్లు. ఆ నాలుగు పేజీల్లోనే ఆమెకు పేరుండేది.

1974 ఎండాకాలంలో ఆమె ఒక్కగానొక్క కూతురు రుక్కమ్మ అత్తగారి ఊళ్లో కాన్పు కష్టమై చనిపోయింది. నెల రోజులు సీతాబాయి రాలేదు. వచ్చిన రోజు కుండ దించి, గోడకు ఆనుకుని, “సదువు చెల్లె” అంది. నేను ఏమీ అడగలేదు. అడిగితే ఏడుస్తుందని భయం. ఏడ్చేవాళ్లను ఓదార్చడం నాకు రాదు.

ఆ నెల పుస్తకంలో గుమ్మడి చచ్చిపోయింది. ముసలిదై, పంతులమ్మ ఒళ్లో తల పెట్టుకుని ప్రాణం వదిలింది. ముందురోజు చదివి నేనే వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడు ఆ పేజీ దగ్గరికి రాగానే తల ఎత్తి సీతాబాయి మొహం చూశాను. చూడకుండా ఉంటే ఎంత బాగుండేదో.

“గుమ్మడి మెల్లగా కళ్లు తెరిచి పంతులమ్మ చెయ్యి నాకింది” అని చదివాను. ఆ వాక్యం పుస్తకంలో లేదు. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది.

“మంచిగ రాసిండు” అంది సీతాబాయి. “ఒకటన్న బతకాలె గద. గిదే రాసి పంపు.”

ఆమె ఎదుటే కార్డు రాశాను. చచ్చిన పిల్లి బతికినందుకు సంతోషమని ఎలా పంపను? సాయంత్రం పొయ్యిలో పెట్టాను. తర్వాతి నెల పుస్తకంలోనూ లేని గుమ్మడిని నేనే ఇరికించి చదివాను, ఆ పై నెలా అంతే. ఆమె చెప్పిన అభిప్రాయాలన్నీ పొయ్యిలోకే పోయాయి. ప్రతి నెలా ఆమె వెనకనుంచి పేజీలు తిప్పి వెతికేది. స్థలం చాలక వేసి ఉండరని చెప్పేదాన్ని.

“నేనేమన్న తప్పు మాట్లాడిన్నా చెల్లె?” అని ఒకసారి అడిగింది. లేదన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

మూడో నెల ఆమె స్టేషను ముందు పత్రికలమ్మే వెంకటరామయ్య దగ్గరికి వెళ్లి, తన పేరు ఎక్కడైనా ఉందేమో చూసి, ఉత్తరాలన్నీ చదివి వినిపించమంది. ఆయనకు అబద్ధమాడే పనేముంది. ఆ ఉత్తరాలన్నీ ఇంకా గుమ్మడి గురించే. ఎనిమిదేళ్లు పిల్లుల్ని వెక్కిరించిన తాసిల్దారు, ఒక పిల్లి కోసం అన్నం మానేశానని రాశాడు.

అక్కడినుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. కుండ దించలేదు.

“గుమ్మడి సచ్చిపోయిందట గద. అందరు ఏడ్సిండ్రు. నేనొక్కదాన్నే నవ్వుకుంట పోయిన.”

“నీకప్పుడే కూతురు పోయింది అక్కా. ఎలా చదవను? తట్టుకోలేవనుకున్నాను.”

అప్పుడు కుండ దించి కూర్చుంది. నా వైపు చూడకుండా చెప్పింది.

“రుక్కమ్మ పోయిన్నాడు మా మరిది వచ్చి, పిల్లకు జర జొరం, నిన్ను రమ్మంటున్నది అన్నడు. అప్పటికే పానం పోయింది. చెప్తె నేను పరేషాన్ అయితనని చెప్పలే. జొరమే గద అని నేను కుండల పెరుగంత అమ్ముకున్న. బిడ్డకు ఇష్టమని రొట్టెలు చేసుకోని పోయిన. పొయ్యేటాలకు మట్టి చేసిండ్రు. ఎండలకు ఆగరాదన్నరు. బిడ్డ మొకం చూడలేదు చెల్లె. గాళ్లు గూడ నా మంచికే చెప్పిండ్రు.”

మా గుడివాడలోనూ అంతే. చావు కబురు ఎవరూ నేరుగా చెప్పరు, సీరియస్‌గా ఉంది బయల్దేరమంటారు. అది మర్యాద అనుకుంటూనే నేను పెరిగాను. ఆ క్షణంలో నా మీద నాకు అసహ్యం వేసింది. లోపలికి వెళ్లి పాత పుస్తకం తెచ్చాను. గుమ్మడి పోయిన ఆ రెండు పేజీలు ఒక్క మాట మార్చకుండా చదివాను. సీతాబాయి కళ్లు మూసుకుని వింది. పంతులమ్మ గుమ్మడిని తన పాత చీరలో చుట్టే దగ్గర ఆమె ఏడ్చింది. మా ఇంట్లో ఆమె ఏడవడం అదే మొదలు. కాసేపటికి మొహం తుడుచుకుని, పుస్తకం తీసుకుని ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టింది.

“గిట్లనే రాసి ఉన్నదా?”

“ఇలాగే ఉంది అక్కా. ఒట్టు.”

“గప్పుడు గూడ నువ్వు గిదే గొంతుతోని సదివినవు.” పుస్తకం మూసి నా చేతికిచ్చి, “నా పేరు మీద పంపినయి నేను చెప్పినట్టే రాసినవా?” అని అడిగింది.

ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు. “లేదు. మాటలు దిద్దాను” అన్నాను.

తల ఊపింది. కోప్పడి ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. కోప్పడలేదు.

మర్నాడూ వచ్చింది, పెరుగు వేసింది, వెళ్లిపోయింది. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా, ఇంకో రెండేళ్లు, ఒక్క రోజు మానకుండా వచ్చింది. అరుగు మీద మాత్రం కూర్చోలేదు. కొత్త పుస్తకం వచ్చిన ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక గుమ్మంలో ఆపి, చదవనా అక్కా అని అడిగాను.

“నువ్వు మంచిగ సదువుతవు చెల్లె” అంది, కుండ నెత్తికెత్తుకుంటూ. “గందుకే వద్దు.”