రేవతి పాప ఖోఖో నేల

కడపలో ఒక కాలేజీ వరండాకు నాపరాళ్లు పరుస్తున్నారు. కొలతలు చూడటానికి నిన్న వెళ్లాను. మేస్త్రీ రాయి మీద నీళ్లు చల్లి కోత యంత్రం ఆనించగానే తడిసిన రాయి వాసన లేచింది. సన్నటి పొడి పళ్ల మధ్య కరకరలాడింది. చేతిలో టేపు ఉంది, చెప్పాల్సిన అంకె నాలుక చివరి దాకా వచ్చింది, కాని చెప్పలేకపోయాను. మళ్లీ కొలిచాను. మూడోసారి కూడా కొలిచాను. ఆ వాసన తగిలితే నాకు ఇలాగే అవుతుంది. ఎక్కడో ఒక పని సగంలో వదిలి వచ్చినట్టు కాళ్లు నిలవవు. ఆ కుదురులేనితనం నాకు రేవతి నుంచి అంటుకుంది.

బేతంచెర్లలో నేను పనిచేసే నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ యజమాని శెట్టి కూతురు రేవతి. తండ్రికి పక్షవాతం వచ్చాక ఇరవై ఆరేళ్లకే ఫ్యాక్టరీ చేతికి తీసుకుంది. నాకప్పుడు నలభై నాలుగు. ఏడో తరగతితో బడి మానేసి, రాళ్ల దొంతుల మధ్యే సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. లారీకి ఎత్తిన రాళ్లను కంటితో చూసి ఎన్ని చదరపు అడుగులో చెబితే, టేపు వేసినా రెండు మూడు అడుగులకు మించి తేడా వచ్చేది కాదు. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది. రేవతి తండ్రి కుర్చీలో ఒక్క రోజు కూడా కూర్చోలేదు. యంత్రాల మధ్య తిరుగుతూనే మాట్లాడేది, వినాలంటే మనం వెనక నడవాలి. వచ్చిన మొదటి వారంలోనే అలా నడుస్తూ అడిగింది.

"మామా, మన గనుల కాడ గుడిసెల్లో పది నుంచి పదహారేండ్ల ఆడపిల్లోళ్లు ఎంతమంది ఉండారు?"

"తెల్దు పాపా."

"ఇరవై ఏండ్లుగా ఈడనే ఉండావు. రాళ్లెన్నో నిద్రలో లేపి అడిగినా చెప్తావు. పిల్లోళ్లెంతమందో తెల్దా?"

ఆ మాట గుచ్చుకుంది. ఆదివారం గుడిసె గుడిసెకూ తిరిగి రాసుకొచ్చాను. ముప్పై ఒకరు. వాళ్లలో పదిహేడు మంది బడి మానేసి తల్లుల వెంట రాళ్లు మోస్తున్నారు. కాగితం చూసి జాలి పడుతుందనుకున్నాను. ఆమె మాత్రం "ఖోఖోకు మూడు జట్లు ఐతాయి కదా" అంది. జట్టుకు తొమ్మిది మంది చొప్పున నలుగురు మిగులుతారని చెప్పాను. "వాళ్లు మార్చి మార్చి ఆడతార్లే. నువ్వు స్తంభాలు నాటించు."

ఇలా మొదలైంది. బడికి పోయే పిల్లలకే జట్టులో చోటు అన్నది ఆమె పెట్టిన ఒకే ఒక షరతు. మూడు నెలల్లో ఆ పదిహేడు మందిలో పదకొండు మంది మళ్లీ పలకా పుస్తకం పట్టారు. నేను స్టాప్ వాచీతో ప్రతి పిల్ల పరుగూ రాసేవాణ్ణి. రాళ్లు ఎత్తే నాగమ్మ కూతురు సుజాత, పద్నాలుగేళ్లది, అందరికంటే వేగం. దాన్నే కెప్టెన్ చేయమని కాగితం చూపించాను. రేవతి కాగితం మడిచి నా చేతిలోనే పెట్టింది. "పరిగెత్తేది సుజాతకు వస్తాది మామా. వెనకనుంచి ఖో అనిపించుకునే దాంకా కదలకుండా కూర్చునేది రాదు. అది నేర్చుకోనీ." కదలకుండా కూర్చోవడం గురించి ఆమె చెప్పడం విని నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే వెళ్లిపోయింది.

కడపలో పోటీలకు పేర్లు ఇచ్చాక నేల గురించి బెంగ పట్టుకుంది. మాది గరుసు నేల, గుంతలు. పాలిష్ యంత్రాల కింద నుంచి వచ్చే తెల్లటి రాతి బురద ఫ్యాక్టరీ వెనక గుట్టలుగా పడి ఉంది. దాన్ని పరిచి రోలరు తిప్పిస్తే నున్నగా వస్తుందని నేనే చెప్పాను. ఎన్ని ట్రాక్టర్లు కావాలో, ఎన్ని అంగుళాల మందం రావాలో లెక్క కట్టాను. అది ఎండి బండలా గట్టిపడ్డాక రసమట్టం పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి చూసుకున్నాను, బుడగ కదల్లేదు. "పడితే దెబ్బ తగలదా మామా?" అని రేవతి అడిగింది. "మట్టం సూడు పాపా, అద్దమే" అన్నాను. ఆమె అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. జీవితమంతా బండలు పరిచినవాడికి మంచి నేల అంటే నున్నటి నేలే.

నాలుగో రోజు సుజాత ఎదుటి పిల్లను అందుకోవడానికి ముందుకు దూకి పడింది. మోచేయి విరిగింది. రేవతే కారులో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు కట్టించింది. మరుసటి పొద్దున నాగమ్మ పదిమంది ఆడవాళ్లతో ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడింది.

"ఇండ్లలో పరిసే బండను పిల్లోళ్లు దూకే తావులో పరిసినారే! ఎవరు చేయించినారు?"

"నేనే చేయించినా నాగమ్మక్కా. తప్పు నాది" అంది రేవతి.

నేను ఆమె పక్కనే ఉన్నాను. జేబులో పెన్సిలు తిప్పుతూ నిలబడ్డాను. ఆ రోజు నుంచి ఒక్క పిల్ల కూడా ఆటకు రాలేదు. వారం తిరక్కుండా ముగ్గురు మళ్లీ బడి మాని తట్టలు ఎత్తారు. నా లెక్క ఇప్పుడు వెనక్కి నడుస్తోంది.

రేవతి గడ్డపార పట్టుకుని తెల్లవారుజామునే ఆ నేలను పగలగొట్టడం మొదలుపెట్టింది. బజారులో "శెట్టి కూతురు బావి తవ్వుతాందంట" అని ఎకసెక్కాలు. మూడో రోజు నేనూ పార పట్టుకుని వెళ్లాను. "పాపా, ఆ పొద్దు నేను గేటు కాడ..." అని మొదలుపెట్టాను.

"నాకెందుకు చెప్తావు? ఇరిగింది నా చెయ్యా?" అంటూనే ఇంకో పెళ్ల లేపింది.

బండకట్టిన పొర తీసి, ఎర్రమట్టి జల్లెడ పట్టి, ఇసుక కలిపి పోయడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు నాగమ్మ గుడిసెకు వెళ్లి, నేల లెక్క నాదని చెప్పాను.

"తెల్సప్పా" అంది చేట పక్కన పెట్టకుండానే. "రసమట్టం ఎవరి చేతిలో ఉంటాదో మాకు తెల్దా? ఆ పాపకు దాన్ని పట్టుకునేది కూడా రాదు."

"మరి ఆ పొద్దే అనలేదేం?"

"నువ్వు అంటావేమో అని సూస్తాండా. శానా దినాలు పట్టిందే నీకు!"

తల వంచుకుని, పిల్లల్ని పంపమని అడిగాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ముందు నువ్వు పడు. మేం సూడాల."

మరుసటి ఉదయం గనికి పోయే ఆడవాళ్లు తట్టలు దించి వరసగా నిలబడ్డారు. నలభై ఐదేళ్ల మనిషిని, లుంగీ ఎగ్గట్టి పరిగెత్తి, స్తంభం ముందు పడ్డాను. నోట్లోకి మట్టి పోయింది. చేతికి కట్టుతో ఉన్న సుజాత పగలబడి నవ్వింది. "దూకేది అట్ల కాదు మామా, శెనక్కాయ మూటేసినట్ల పడినావు!" నాగమ్మ వచ్చి నా మోచేయి తిప్పి చూసి, "ఇంకోసారి" అంది. రెండోసారి పడ్డాక రేవతి నవ్వకుండా దూరం నుంచి కేకేసింది. "మామా, ఆ మూల సరిగా తవ్వలా. ఆడ కూడా పడు!" ఆ మూల మోకాలు చీరుకుంది. అక్కడ మళ్లీ తవ్వించాం. ఆ సాయంత్రం పన్నెండు మంది వచ్చారు. కడపలో మొదటి ఆటే ఓడిపోయాం. తట్టలు ఎత్తిన ముగ్గురిలో ఇద్దరే తిరిగి వచ్చారు. మూడోది రాలేదు.

తర్వాత రేవతి ఫ్యాక్టరీని తమ్ముడికి అప్పగించి, ఆలూరు వైపు వేరుశనగ నూనె మిల్లు పెట్టుకుంది. అక్కడా మిల్లు వెనక నేల తవ్విస్తోందట. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. గెలిచారా అని అడగదు. "పడినావా మామా?" అంటుంది.

ఏటా వానలు వెనకబట్టాక నేల గుల్ల చేయించి, పిల్లలకంటే ముందు నేను పడతాను. ఎంత గుల్లగా ఉందో చెప్పే అంకె ఏదీ నాకు ఇంతవరకు దొరకలేదు. ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పేది సుజాతే. విజిల్ ఊదుతూ పైకెత్తినా, అప్పుడు విరిగిన ఆ చేయి పూర్తిగా సాగదు. ఎంత తక్కువో నా కన్నుకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

"ఏంది మామా, నిలబడుకోనే ఉండావు? పిల్లోళ్లు కాచుకోనుండారు" అంటుంది.

లుంగీ ఎగ్గట్టుకుంటాను.