వెనక సందులోంచి ఎందుకు పోయినవ్

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, నాకొక పని ఉండేది. పక్కింటి అక్కకు తోడు వెళ్లడం. మేము అప్పుడు సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో ఉండేవాళ్లం. అక్క పదో తరగతి పాసై, మోండా మార్కెట్ అవతల టైపు నేర్చుకోవడానికి వెళ్లేది. వేసవి సెలవుల్లో ఆమె వెంట నన్ను పంపేవారు. తొమ్మిదేళ్ల పిల్ల ఎవరిని ఆపగలదని ఎవరూ ఆలోచించలేదు. ఆడపిల్ల ఒంటరిగా వెళ్లడం లేదు కదా అని పెద్దలకు అదో ధైర్యం.

అక్క ఓణీ నిండుగా కప్పుకుని, పుస్తకం గుండెకు ఆనించుకుని, తల వంచుకుని నడిచేది. అలా నడవమని వాళ్లమ్మ చెప్పింది. కానీ నాతో మాట్లాడుతూ నవ్వకుండా మాత్రం ఉండలేకపోయేది. తన చిటికెన వేలికి బలం చాలదని, అందుకే ఒక అక్షరం ఎప్పుడూ వెలిసిపోయినట్టు పడుతుందని చెప్పి నవ్వేది.

మార్కెట్లో గిన్నెల దుకాణంలో పనిచేసే ఒకతను కొన్నాళ్లుగా మా వెంట పడుతున్నాడు. రద్దీలో కావాలని వచ్చి అక్కకు తగిలేవాడు. అక్క ఇంట్లో చెప్పింది. ఆ సాయంత్రం రెండిళ్ల పెద్దలూ కూర్చుని ఆలోచించారు. వెళ్లి అతన్ని నిలదీద్దామని ఎవరూ అనలేదు. గొడవైతే పిల్ల పేరు నలుగురి నోట్లో పడుతుందని భయం. చివరికి మా అమ్మే ఉపాయం చెప్పింది.

"మార్కెట్ల నుంచి వద్దు బిడ్డా. వెనక సందులకెళ్లి పోండ్రి. ఆడ రద్దీ ఉండది, ఎవ్వరూ తగలరు."

రెండు రోజులు హాయిగానే వెళ్లాం. మూడో రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు అతను ఆ సందులో నిలబడి ఉన్నాడు. అక్క చెయ్యి పట్టుకుని గోడకేసి నెట్టాడు. జాకెట్టు చెయ్యి భుజం దాకా చిరిగింది. నేను అరవలేదు. అక్కే అరిచింది. పుస్తకంతో అతని ముఖం మీద కొట్టింది. దగ్గర్లోని గోదాములో బస్తాలు మోసేవాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి అతను లేడు. వాళ్లలో ఒక పెద్దాయన తన తువ్వాలు అక్క భుజాన కప్పాడు. కప్పుతూనే, "గీ సందులకు ఎందుకొచ్చినవమ్మా?" అన్నాడు.

ఇంట్లో కూడా అదే ప్రశ్న. "వెనక సందులోంచి ఎందుకు పోయినవ్?" అని, ఆ ఉపాయం ముందే విన్న వాళ్ల నాన్నే అడిగాడు. అక్క మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ నేల వైపు చూసింది. మా అమ్మ చెడ్డది కాదు. ఆ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా జావ కాచి పంపేది. కానీ ఆ రోజు "నేనే చెప్పిన" అనే ఒక్క మాట ఆమె నోరు దాటలేదు.

తర్వాత ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు నిజం చెప్పు. తొవ్వల అక్క నవ్విందా?"

నవ్వింది. దారిలో నేను చెప్పిన ఏదో పిచ్చి మాటకు నవ్వింది. కానీ ఆయన అడిగింది నవ్విందా అని మాత్రమే. నిజమే చెప్పాలని బళ్లో నేర్పారు. తల ఊపాను. అక్క నన్నొకసారి చూసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ రోజుతో టైపు ఆగిపోయింది. అతని గురించి మాత్రం ఆ సాయంత్రం ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వారం తర్వాత అమ్మతో కూరగాయలకు వెళ్తే, అతను అదే దుకాణంలో గిన్నెలు తుడుస్తూ కనిపించాడు. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని అడుగులు పెంచింది.

మరో రెండు మూడు రోజులకు అక్క నన్ను పెరటి మెట్ల మీద కూర్చోబెట్టుకుని తల దువ్వింది. నాకు ఏడుపొచ్చింది. జుట్టు లాగినందుకని అబద్ధం చెప్పాను. ఆమె నమ్మలేదు.

"ఏడ్వకు. నీదేం తప్పు లేదు. చిన్నపిల్లవు, నిన్ను అట్ల అడగొద్దు" అంది.

ఆ మాటతో నా గుండె తేలికపడింది. అదే మాట ఆమెకూ ఎవరైనా చెప్పాలని నాకు తోచలేదు. ఎవరికీ తోచలేదు. ఏడాది తిరక్కుండానే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి మల్కాజిగిరి వైపు వెళ్లిపోయారు. తర్వాత ఆమె ఏమైందో నాకు తెలియదు.

ఇప్పుడు మారేడ్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవరాలు కాలేజీకి వెళ్తుంది. గుమ్మం దాటేముందు నా జాగ్రత్తలన్నీ వినాలి. "ఇవన్నీ మాకే ఎందుకు చెప్తరు నానమ్మా, మగపిల్లలకు చెప్పరా?" అని ఒకటి రెండుసార్లు వాదించింది. జాగ్రత్త చెప్పడం తప్పని ఇప్పటికీ అనలేను. భయం ఉన్నచోట నోరు ఊరుకోదు. కానీ మనం ప్రేమతో చెప్పిన జాగ్రత్తే, ఏదైనా జరిగిన నాడు ఆ పిల్ల మీద నేరమై కూర్చుంటుంది. అది కళ్లారా చూసినదాన్ని.

చూసి ఏం లాభం? పోయిన నెల ఒక మధ్యాహ్నం మనవరాలు ముఖం పాలిపోయి ఇంటికొచ్చింది. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాడు, అని మొదలుపెట్టింది.

"ఆ ఆటో ఎందుకెక్కినవ్ బిడ్డా?" అన్నాను.

అది ఆగిపోయింది. "ఏం లేదులే నానమ్మా" అని గదిలోకి వెళ్లింది. కాసేపటికి వెళ్లి పక్కన కూర్చుని, నీదేం తప్పు లేదని చెప్పాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా సరే అంది. మిగతా కథ నాకు చెప్పలేదు. ఇక చెప్పదు కూడా.

ఆ మెట్ల మీద అక్క అన్న మాట నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. ఇన్నేళ్లూ దాన్నే దాచుకున్నాననుకున్నాను. తీరా అవసరమైన క్షణాన నా నోటికి ముందు వచ్చింది మాత్రం వాళ్ల నాన్న అడిగిన ప్రశ్న.