పాముగారి ప్రసాదం

శ్రీనివాసమూర్తి అంకుల్ ఏ సంగతి మొదలుపెట్టినా మూడో నిమిషానికల్లా పాము దగ్గర తేలతారు. అదీ ఉత్త పాము కాదు, పాముగారు. ఆక్లాండ్ శివారు మౌంట్ రాస్కిల్‌లో ఇళ్ల ధరల మాట రానివ్వండి, క్రికెట్ మాట రానివ్వండి, ఆయన గొంతు సవరించుకుని "అసలు పాముగారి విషంలో..." అంటారు. ఇంకేముంది, చుట్టూ ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి దాహం వేస్తుంది, ఫోన్లు వస్తాయి, కారు తప్పుచోట పార్క్ చేసిన సంగతి గుర్తొస్తుంది.

ఇందులో వింతేమిటంటే న్యూజిలాండ్‌లో పాములే లేవు. జూలో కూడా ఉండవు.

"పాములు లేని దేశంలో ఈ పాము పాఠాలేంటి అంకుల్?" అని 2016లో తలా ఓ వంటకం తెచ్చుకున్న ఉగాది పాట్‌లక్‌లో నిరుపమ అడగనే అడిగింది.

"నీ పులిహోర తిన్నవాళ్లలో సగంమంది బీపీ మాత్రలవాళ్లేనమ్మా. ఆ మాత్రల వంశానికి మూలపురుషులెవరు? బ్రెజిల్ పాముగారు! ఆయన కాటేస్తే మనిషి బీపీ ధడాలున పడిపోతుంది. ఆ విషంలో గుణం కనిపెట్టి, దాని పోలికతో ల్యాబులో మందు చేశారు. ఒక్కడైనా థాంక్స్ చెప్పాడా?"

ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే ముందు బీపీ ఉందని ఒప్పుకోవాలి కదా! మనవాళ్లు వాట్సాప్‌లో మెంతుల కషాయం ఫార్వర్డ్ చేసి, బాత్రూంలో తలుపేసుకుని మాత్ర మింగుతారు.

నిరుపమ అత్తగారు అనంతలక్ష్మిగారు ఆ పనీ చేసేవారు కాదు. కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఆవిడకి బీపీ నూటతొంభై. డాక్టరు మాత్ర రాసి, ఇలాగే వదిలేస్తే పక్షవాతం రావచ్చన్నాడు. "ఇంగ్లీషు మందు నా ఒంటికి పడదు" అని ఆవిడ నోరు బిగించారు. కొడుకు రవికిరణ్ బతిమాలి బతిమాలి, మీటింగుకి టైమయిందని లాప్‌టాప్ తెరిచాడు. విధిలేక నిరుపమ మూర్తి అంకుల్‌కి ఫోన్ చేసింది. తన పాముకథని ఒకరు పిలిచి మరీ అడగడం జీవితంలో మొదటిసారి కావడంతో ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

ఏటా నాగులచవితికి ఉపవాసం ఉండే అనంతలక్ష్మిగారు గంటసేపు చేతులు జోడించి విన్నారు.

"అయితే అన్నయ్యగారూ, ఇదంతా నాగేంద్రుడి చలవేనంటారు?"

"ముమ్మాటికీనమ్మా!"

మర్నాటి నుంచి అట్టలో రోజుకో మాత్ర ఖాళీ అవుతూ వచ్చింది. నిరుపమ ఊపిరి పీల్చుకుంది. మూడు వారాలకి డాక్టరు బీపీ చూస్తే నూటతొంభై రెండు!

ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వని పూజ అల్మారా ఆ సాయంత్రం నిరుపమ తెరిచింది. వెండి నాగపడగ ముందు ఇరవై ఒక్క మాత్రలు, ఒక్కోదానికీ పసుపు, కుంకుమబొట్టు.

"ఇదేంటత్తయ్యగారూ!"

"స్వామివారి సొత్తు స్వామికివ్వకుండా నేను మింగుతానేంటే? కళ్లు పోతాయి!"

నిరుపమ కోపమంతా ఫోన్లో అంకుల్ మీద కుమ్మరించింది. "మీ పాములు మా కొంప ముంచాయి! రేపు ఆవిడకేమన్నా అయితే?" పాముగారి ఊసెత్తకుండా మూర్తిగారు ఫోన్ పెట్టేయడం ఆక్లాండ్ చరిత్రలో అదే మొదలు.

మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా తానుండే హెండర్సన్ నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి వచ్చి తలుపు తట్టారు. నుదుట బొట్టు, జేబులో తన మాత్రల అట్ట. ఆవిడదొకటి, తనదొకటి పళ్లెంలో పెట్టి, నాగపడగ ముందు గంట కొట్టి హారతిచ్చారు.

"నైవేద్యం అయింది చెల్లెమ్మా. మరి ప్రసాదం తీసుకోకుండా లేస్తామా?"

అనంతలక్ష్మిగారు ఆలోచనలో పడ్డారు. డెబ్బై ఏళ్లలో ప్రసాదం వద్దన్న పాపం ఆవిడ ఎరగరు. కళ్లకద్దుకుని మింగారు. ఆయనా మింగారు.

రోజూ అదే గంట, అదే హారతి. నెల దాటేసరికి బీపీ నూటముప్ఫై అయిదుకి దిగింది. ఆ రోజు ఆయనకి కాఫీ ఇస్తూ నిరుపమ బల్లమీదున్న ఆయన అట్ట చూసింది. అవి విటమిన్ మాత్రలు.

"మీకు బీపీ లేదా అంకుల్?"

"లేదమ్మా. ఒక్కరే మింగాలంటే ఆవిడకి బెరుగ్గా ఉంటుందని తోడు మింగాను. మన పెద్దవాళ్లని మందేసుకున్నారా అనడిగితే రోషం. అదే పాముగారి కథ మొదలుపెట్టాననుకో, 'మింగాం, ఇక ఆపవయ్యా' అంటారు. హెండర్సన్‌లో ఇంకో ముగ్గురున్నారు, వాళ్లదీ ఇదే వరస."

నిరుపమకి ఆయన మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. "అంకుల్, ఈ సెలవులకి మాతో ఆస్ట్రేలియా రండి. నిజం పాముగారిని దగ్గర్నుంచి చూద్దురుగాని."

కాఫీ సగం ఆయన చొక్కా మీద ఒలికింది.

"బాబోయ్, వద్దమ్మా! ఇక్కడ పాములు లేవనే కదా ఏరికోరి ఈ దేశం వచ్చాను!"